నేను చార్జి ఇవ్వని పంతొమ్మిది రోజులు

మా హెడ్మాస్టరు రిటైరైన నాడు జరిగిన సభలో ఉపన్యాసాలు మొదలైనప్పుడు వరండా మూల గుడ్ల మీద కూర్చున్న కోడి, అవి ముగిసే వేళకు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతోంది. అంత గొప్ప సభ. అది ముగిశాక ఆయన రిక్షా ఎక్కి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ దిగి, తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కొత్త సారు వచ్చేదాంక జర చూస్కో అమ్మా" అని వెళ్లిపోయాడు. కొత్త సారు పదకొండు నెలల దాకా రాలేదు.

అది కరీంనగర్ జిల్లాలో ఒక తాలూకా ఊరు. పేరు చెప్పను. ఆ ఊరి నుంచి నాకు ఇప్పటికీ ఏటేటా ఒక జాడీ మామిడికాయ తొక్కు వస్తుంది; అది ఆగిపోవడం నాకిష్టం లేదు. బడి ఆడపిల్లల హైస్కూలు. ఆడపిల్లల బడికి ఆడమనిషి హెడ్డు కావడంలో విడ్డూరమేముందని మీరనుకుంటారు. పోలీసు చర్య జరిగిన మరుసటేడు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నేనూ అలాగే అనుకుంటున్నాను. అప్పటికి మా తాలూకాలో మెట్రిక్ పాసైన ఆడది నేనొక్కదాన్నే. ఈ గొప్ప ఒక్క ఏడాదే నిలిచింది, మరుసటేడు పోస్టుమాస్టరు కూతురు కూడా పాసై నా కిరీటంలో సగం లాక్కుంది. ఆ తర్వాత నేను ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని బి.ఏ. కట్టాను. పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి ఏడాది పాటు హైదరాబాదులో ఉండి బి.ఇడి. చేశాను. మా బడి సీనియారిటీ జాబితాలో మొదటి పేరు నాదే. నా పేరుకూ తర్వాతి పేరుకూ మధ్య నాలుగు తరాల మేకలు పుట్టి పెరిగేంత తేడా ఉంది.

కాబట్టి హెడ్డు పని నాకొచ్చింది. హెడ్డు పోస్టు మాత్రం రాలేదు. దీన్నే సర్కారు భాషలో ఇన్‌చార్జి అంటారు. దూడ లేని ఆవుకు గడ్డిదూడను చూపించి పాలు పిండుకోవడం లాంటి ఏర్పాటు అది.

హెడ్మాస్టరు గదిలో ఒక టేకు కుర్చీ ఉండేది. నిజాం కాలం నాటిది. దాన్ని ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరపాలంటే నలుగురు మనుషులు, ఒక పూట భోజనం కావాలి. మొదటిరోజు నేను అందులో కూర్చోబోతుంటే డ్రిల్లు మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అది పెద్దసారు కుర్చీ."

అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు. బడిలో మూడువందల మంది పిల్లలు నా కన్నెర్రకు వణికేవారు. అయినా ఒక మగవాడి గొంతు సవరింపుకు నేను జడిశాను. ఇంటి నుంచి మడత కుర్చీ తెప్పించుకుని ఆ పెద్ద కుర్చీ పక్కన వేసుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆ రోజు నుంచి మా బడిలో ఒక ఆచారం పుట్టింది. మా బడిలో నలుగురు మగ మాస్టర్లుండేవారు. వాళ్లకు సెలవు కావాలంటే నన్నడగాలి. ఆడదాని ముందు నిలబడి సెలవు అడిగితే మీసాలు రాలిపోతాయని వాళ్ల భయం. అందుకని సెలవు చీటీని "హెడ్మాస్టరు గారికి" అని రాసి, ఆ ఖాళీ కుర్చీలో పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక రాయి ఉంచి వెళ్లేవారు. నేను కుర్చీలోంచి తీసి, సంతకం చేసి, మళ్లీ కుర్చీలో పెట్టేదాన్ని. వాళ్లు వచ్చి కుర్చీలోంచి తీసుకునేవారు. సెలవులిచ్చేది కుర్చీ. నేను కుర్చీకి గుమాస్తాను.

ఒకనాడు సైన్సు మాస్టరు నేను మూరెడు దూరంలో కూర్చుని ఉండగానే వచ్చి, చీటీ పెట్టి, కుర్చీ వైపు తిరిగి, "కడుపుల నొస్తుంది సార్" అన్నాడు.

"జిలకర నమిలి నీళ్లు తాగుమంటుంది కుర్చీ" అన్నాను నేను.

ఆరో నెలలో నా ఓపిక అయిపోయింది. డ్రిల్లు మాస్టరు చీటీ పెట్టి రాయి ఉంచి అటు తిరిగాడో లేదో, నేను లేచి వెళ్లి, రాయి తీసి కిటికీలోంచి పారేసి, ఆ చీటీ మీదనే కూర్చున్నాను. కొంచెం లేవండని అడగలేక, నాతో మాట్లాడకుండా చీటీ వెనక్కి తీసుకోలేక, పాపం ఆయన ఆ రోజు సెలవు లేకుండానే డ్రిల్లు చెప్పాడు. ఆ సాయంత్రమే మడత కుర్చీని ఇంటికి పంపించేశాను.

కుర్చీ నాదైంది. బడి నాదైందని ఊరు మాత్రం ఒప్పుకోలేదు. పిల్లల తండ్రులు వచ్చేవారు, టి.సి. కావాలనేవారు. రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చేదాన్ని. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి పెద్దసారు ఎప్పుడొస్తరమ్మా?" అనేవారు.

అయినా నాకొక ఆశ ఉండేది. పదకొండు నెలలు బడి నడిపాను, పైకప్పు కురుస్తుంటే పెంకులు వేయించాను, పెద్ద పరీక్షలో మా పిల్లలు మగపిల్లల బడికంటే ఎక్కువమంది పాసయ్యారు. ఆ ఫలితాలు వచ్చిన రోజు మా ఊళ్లో తండ్రులు కొడుకులను కొట్టిన చప్పుడు సుల్తానాబాద్ దాకా వినిపించిందట. ఇక పోస్టు నాకు రాక ఏమవుతుందనుకున్నాను.

ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున గేటు దగ్గర ఒక రేకు పెట్టె దిగింది. దాని వెనక ఒక యువకుడు. చూడగానే గుర్తుపట్టాను. ఆరేళ్ల కింద మా బడికే ట్రైనింగు పాఠాలు చెప్పడానికి వచ్చి, ఏడో తరగతి పిల్లలు చుట్టుముట్టి ప్రశ్నలడిగితే బోర్డు వెనక దాక్కున్నవాడు. చాక్‌పీసు ఎట్లా పట్టుకుంటే కీచుమనదో అతనికి నేర్పింది నేనే.

"ఏం తమ్మీ, ఇటొచ్చినవ్?" అన్నాను సంతోషంగా.

అతను నా వైపు చూడకుండా జేబులోంచి కాగితం తీశాడు. మా బడికి హెడ్మాస్టరుగా అతన్ని వేశారు.

"అక్కా, నేనడుగలే. ఒట్టేసి చెప్తున్న, నేనడుగలే. వాళ్లే ఇచ్చిండ్రు."

"అడుగకుంటనే ఇచ్చిండ్రు గద తమ్మీ, గదే నా మంట. నేను పదమూడేండ్ల సంది అడుగుతున్న."

మా ఆయమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఆమె ఆ బడిలో నీళ్లు పట్టే ముసలమ్మ. నిజాం కాలం నుంచి ఎనిమిది మంది హెడ్మాస్టర్లకు మంచినీళ్లిచ్చిన మనిషి. "తౌబా తౌబా," అంది, "గీ పోరనికి నేను సార్ అని సలాం కొట్టాల్నా పంతులమ్మా? మొన్నటిదాంక బోర్డు ఎనుక దాక్కున్నోడు."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పొద్దున్నే లేచి పైవాళ్లకు ఒక అర్జీ రాశాను. పదిహేను పేజీలు. దాన్ని రిజిస్టరు చేయడానికి పోతే పోస్టుమాస్టరు తక్కెడకు బాధ కలిగింది. అర్జీకి జవాబు రావాలంటే కొన్నాళ్లు పడుతుంది. ఈలోగా నేను చార్జి అప్పగిస్తూ సంతకం చేశానా, ఆ పోస్టు నిండిపోయినట్టే. నా అర్జీ బెల్లం పొట్లానికి పనికొస్తుంది. కాబట్టి సంతకం చేయకూడదు. చేయనని అంటే ధిక్కారం. ఏం చేయాలి?

చార్జి అప్పగించడానికి సర్కారులో ఒక పద్ధతి ఉంది. బడిలో ఉన్న ప్రతి వస్తువూ జాబితాలో ఉంటుంది. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒక్కొక్కటే చూసి, ఉన్నది, లేదు అని రాసి, చివర ఇద్దరూ సంతకం చేయాలి. ఈ పద్ధతిని ఎవరూ పాటించరు. మగవాళ్లిద్దరు కలిస్తే ఒక చాయ్, రెండు సంతకాలు, అయిపోయింది. నాకు తాళాలు ఇచ్చిన ఆయన ఆ చాయ్ కూడా తాగకుండా పోయాడు. అయినా పద్ధతి పద్ధతే. పుస్తకంలో ఉంది. నేను ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, "తమ్మీ, లిస్టు ప్రకారం చూసుకుందాం" అన్నాను.

"ఒక దినంల ఐతదా అక్కా?"

"చూద్దాం."

మొదటి మూడు రోజులు బెంచీలు. విరిగిన బెంచీ బెంచీ కిందికి వస్తుందా, కట్టెల కిందికి వస్తుందా అని ఒక పూట వాదన. తర్వాత పటాలు. అన్నీ ఉర్దూలో ఉన్న పాత పటాలు. వాటిలో హైదరాబాద్ రాజ్యం ఇంకా ఉంది. రాజ్యమే లేనప్పుడు దాని పటం ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టే అని ఆయమ్మ తీర్పు చెప్పింది. "కాగితం చేతులున్నది, రాజ్యం సంగతి మనకెందుకు?" ఆరో రోజు గ్లోబు. అందులో ఆస్ట్రేలియాను చెదలు తిన్నాయి. తమ్ముడు "ఉన్నది" అని రాయబోతే ఆపాను.

"ఆస్ట్రేలియా లేకుంట సంతకం పెడ్తవా? రేపు ఇన్‌స్పెక్షన్ల ఎక్కడ పోయిందంటే ఎక్కడికెళ్లి తెస్తవ్?"

అతను నిజాయితీ కల మనిషి. "గ్లోబు ఒకటి, ఒక ఖండం తక్కువ" అని రాశాడు.

తొమ్మిదో రోజు డ్రాయింగు గది. నిర్మల్ నుంచి తెప్పించిన కట్టె పండ్ల బుట్ట ఉంది. పన్నెండు పండ్లని జాబితా. పదకొండే ఉన్నాయి. పన్నెండోది జామకాయ. దానికి రంగు ఎంత బాగా వేశారంటే, ఒక ఆరో తరగతి పిల్ల నిజమైనదనుకుని కొరికి పాలపన్ను పోగొట్టుకుని, భయపడి కాయను పారేసింది. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. పిలిపించి వాంగ్మూలం రాయించాము.

పదో రోజుకు తమ్ముడికి సంగతి అర్థమైంది. పుస్తకాల బీరువా దగ్గర దుమ్ములో కూర్చుని, "అక్కా, గీ లెక్క ఎప్పటికి ఒడుస్తది?" అన్నాడు.

"నా అర్జీకి జవాబొచ్చినంక."

అతను కళ్లద్దాలు తుడుచుకుని, "ఐతే గీ బుక్కులను పేజీలు గూడ చూడాలె గద, చినిగినయేమో" అన్నాడు. నేను అతని మొహం చూశాను. నవ్వడం లేదు. కానీ ఆ రోజు నుంచి నాకంటే అతనే నెమ్మదిగా చూడడం మొదలుపెట్టాడు.

పదిహేనో రోజున జీపు వచ్చింది. మా పై అధికారి దిగాడు. పొట్ట ముందు దిగింది, ఆయన తర్వాత దిగాడు. మంచివాడే, ఎవరినీ పరుషంగా ఒక మాట అని ఎరగడు. నా కడుపుమంటకు అదే ఆజ్యం.

"ఏందమ్మా గిది? ఒక సంతకానికి పదిహేను రోజులా? పోరడు పరేషాన్ అయితుండు."

"పద్ధతి ప్రకారం చేస్తున్నం సార్."

"నాకు తెల్వదా? చూడమ్మా, మీ పని గురించి నాకు ఎరుకే. మీ అంత మంచిగ నడిపేటోళ్లు జిల్లాల లేరు. గీయన పేరుకే. ఎట్లాగూ పనంత మీరే చేస్తరు. కుర్చీల ఎవరు కూసుంటే ఏంది?"

ఈ మాటకు నా ఒళ్లు ఎలా మండిందంటే, ఆ గదిలో పొయ్యి లేకుండా అన్నం వండుకోవచ్చు.

"ఎవరు కూసున్నా ఒకటే ఐతే నన్నే కూసోబెట్టుండ్రి సార్."

"అట్లా కాదమ్మా. లేడీస్‌కు ఇబ్బందులుంటయి. మీటింగులకు పోవాలె, క్యాంపులకు పోవాలె. మగ స్టాఫు మాట వినరు. రేపు మీకే కష్టం. మీ మంచికే చెప్తున్న."

"గీ మాటే ఫైలుల రాయుండ్రి సార్. 'ఈమె పని మంచిగనే చేసింది, ఆడది గనుక ఇయ్యలే' అని మీ చేత్తోటి రాసి సంతకం పెట్టుండ్రి. ఆ క్షణమే నేను గీడ సంతకం పెడ్త."

ఆయన కలం తీయలేదు. కాగితం నేనే ముందుకు జరిపాను. నా కలం మూత తీసి ఇచ్చాను. ఆయన కలం వైపు చూశాడు, ఫ్యాను లేని పైకప్పు వైపు చూశాడు. నోటితో ఇంత తేలిగ్గా వచ్చిన మాట చేతిలోకి ఎందుకు దిగదో నాకు ఈనాటికీ తెలియదు. పదమూడేళ్లలో నాకు ఎంతోమంది ఈ మాట చెప్పారు. ఒక్కడంటే ఒక్కడు రాసివ్వలేదు.

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వు సంతకం పెట్టేయ్ బాబూ. ఆమెది నేను చూసుకుంట."

తమ్ముడు జాబితా పేజీ తిప్పాడు. "సార్, హార్మోనియం ఇంకా చూడలే. మెట్లు పలుకుతున్నయో లేదో..."

అధికారి జీపెక్కాడు. జీపు కూడా కోపంతో మూడుసార్లు ఆగి వెళ్లింది.

పంతొమ్మిదో రోజున కవరు వచ్చింది. నిలబడే చింపాను. చదివాను. నన్ను హెడ్మాస్టరుగా ప్రమోట్ చేశారు! రెండో వాక్యం చదివాక కూర్చున్నాను. ఈ బడికి కాదు. గోదావరి దాటి, నిర్మల్ దాటి, ఘాటెక్కి, అటు దిగి, ఆదిలాబాద్ జిల్లాలో అడవి పక్కన ఒక ఊరికి. మగపిల్లల బడి. వారంలో చేరాలి.

కవరులో రెండో కాగితం ఉంది. తీశాను. అది ఒక ఫారం. "శ్రీమతి ............ అను నేను, కుటుంబ కారణముల వలన ఈ ప్రమోషనును నా ఇష్టపూర్వకముగా వదులుకొనుచున్నాను." కింద సంతకానికి గీత.

నేను అడగక ముందే నా జవాబు రాసి పంపారు. మరి నా కుటుంబ కారణాలు వాళ్లకెట్లా తెలిశాయి? ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాను. అది చేత్తో రాసింది కాదు, టైపు కొట్టింది కాదు. సైక్లోస్టైలు చేసింది. ఒక్క ఆడదాని కోసం ఎవరూ స్టెన్సిలు కోసి, సిరా పూసి, మిషను తిప్పరు. ఎక్కడో ఒక బీరువాలో ఈ ఫారాలు కట్టలు కట్టలుగా ఉన్నాయన్నమాట. దూరం ఊరు ఒకటి చూసి వేస్తారు, ఫారం జత చేస్తారు, ఆమె ఏడుస్తూ సంతకం పెడుతుంది. ఫైలులో ఏముంటుంది? ఇస్తామన్నాం, వద్దన్నది. ఇకముందు ఎవరైనా అడిగితే చూపించడానికి ఆమె సంతకమే సాక్ష్యం. హుజూరాబాద్‌లో నాకు తెలిసిన ఒక పంతులమ్మ ఉండేది, నాకంటే చదువరి. ఆమె ప్రమోషన్ ఎందుకు వద్దనుకుందా అని నేను చాలా ఏళ్లు ఆశ్చర్యపడ్డాను. ఆమెకు పిరికితనం అంటగట్టాను కూడా. ఆ రోజు ఆ ఫారం చేతిలో పట్టుకుని, మనసులో ఆమె కాళ్లకు మొక్కాను.

మావారు సర్కారు దవాఖానలో కాంపౌండరు. ఏ కబురైనా ఎర్రనీళ్ల సీసా పట్టుకున్నంత జాగ్రత్తగా అందుకునే మనిషి. రెండు కాగితాలూ చదివి, "పోరగాండ్లు?" అన్నాడు.

"అత్తమ్మ ఉన్నది. నువ్వున్నవ్. నువ్వు పటాన్ చెరువు ట్రైనింగుకు పోయిన తొమ్మిది నెలలు నేనున్నట్టు."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నేను యుద్ధానికి సిద్ధపడి, చెప్పవలసిన నలభై మాటలు వరుసగా పేర్చుకున్నాను.

"అన్నంల నీళ్లు ఎన్ని పొయ్యాలె?" అన్నాడు.

నలభై మాటలూ దండగయ్యాయి.

మర్నాడు చార్జి ఇచ్చాను. మిగిలిన వస్తువులన్నీ గంటలో చూశాము. తమ్ముడు సంతకం పెట్టి తలెత్తలేదు. "అక్కా, నేను గెల్చినట్టు అనిపిస్తలే" అన్నాడు. "నీతోటి నాకు పోటీ ఎక్కడిది తమ్మీ, ఫికర్ చెయ్యకు" అన్నాను. అది నిజమే. అయినా కళ్లు తుడుచుకోవడానికి నేను కిటికీ దగ్గరికి పోవలసి వచ్చింది. అది నేను నడిపిన బడి. దాన్ని దక్కించుకోలేకపోయాను.

మూడు బస్సులు మారి నేనూ మావారూ ఆ ఊరు చేరాము. దారిలో ఘాటు మీద బస్సు ఎంత మెల్లగా ఎక్కిందంటే, ఒక తాబేలు మమ్మల్ని దాటిపోతూ పలకరించింది. బడి ముందు దిగాము. నేను ముందు, మావారు నెత్తిన పరుపు చుట్ట, చేతిలో పెట్టెతో వెనక. బడి గుమాస్తా, ముగ్గురు మాస్టర్లు ఎదురొచ్చారు. గుమాస్తా చేతిలో దండ ఉంది. నన్ను దాటుకుని పోయి, "రామ్ రామ్ సార్!" అని, పరుపు చుట్ట దించి, దండ మావారి మెడలో వేశాడు.

"నేను కాదు," అన్నాడు మావారు, ఇంజెక్షను తప్పుగా పొడిచినవాడిలా బెదిరిపోయి. "నేను సామాను పట్టుకొచ్చిన. హెడ్డు ఆమె."

గుమాస్తా నన్ను చూశాడు. ఆర్డరు చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. ఆ ప్రాంతంలో పంతులమ్మను బాయి అంటారు. "బాయీ," అన్నాడు చివరికి, "జర కూసోండ్రి. పెద్దమనుషులను ఒక మాట అడిగి వస్త. పగటి అన్నం తిన్నంక రాసుకుందాం."

పగటి అన్నం! సర్కారులో రోజు రెండు ముక్కలు. మధ్యాహ్నం పన్నెండుకు ముందు చేరితే పూర్వాహ్నం, దాటితే అపరాహ్నం. ఆ రోజే జిల్లాలో ఇంకో ఇద్దరు మగవాళ్లు హెడ్మాస్టర్లుగా చేరుతున్నారని నాకు తెలుసు. నేను అపరాహ్నమైతే వాళ్లు జన్మంతా జాబితాలో నాకు పైన ఉంటారు. పైపోస్టు వచ్చిన ప్రతిసారీ వాళ్లను చూపించి నన్ను ఆపుతారు. అలా ఆపడానికి కారణం ఈ గుమాస్తా తినే జొన్న రొట్టె.

"టైమెంతయింది?" అన్నాను.

గుమాస్తా వరండా గోడ మీది గడియారం వైపు చూశాడు. "పదకొండున్నర, బాయీ."

"రిజిస్టరు తెండ్రి. పూర్వాహ్నం అని రాయుండ్రి. పెద్దమనుషులను పగటి అన్నం తిన్నంక అడుగుండ్రి, ఏమన్నరో నాకు వచ్చి చెప్పుండ్రి."

ఆయన కదల్లేదు. నేను గది తలుపు తోసుకుని లోపలికి పోయి రిజిస్టరు నేనే తీశాను. ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. సిరా బుడ్డి ఎండిపోయింది, నీళ్లు పోయించాను. పాళీ విరిగింది, ఇంకొకటి వెతికించాను. ఆయన ఒక్కొక్క అక్షరం రాస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. పూర్వాహ్నం అని రాసి, దాని కింద నా సంతకం పడ్డాకే నేను మంచినీళ్లు అడిగాను.